పాడు మనిషికి మూడు చుక్కలు

ఆయన చాలా మంచివాడని నేను ఇక్కడ రాయకూడదు. రాయనని మాటిచ్చాను. అదృష్టం కొద్దీ ఆయన అంత మంచివాడేమీ కాదు కాబట్టి నా పని కొంత సులువైంది.

కర్ణాటక అంచున, తెలుగు మాట్లాడే మా బాగేపల్లిలో, హైవే మీద నుంచి ఊళ్ళోకి తిరిగే మలుపులో ఆయనది పంచరు అంగడి. పక్కనే నాది జిరాక్సు, డీటీపీ, ఫ్లెక్సుల అంగడి. రెంటికీ మధ్య ఒక్క రేకు గోడ. ఆ రేకును ఆయన అటువైపు నుంచి స్పానరుతో కొట్టేవాడు. ఒకసారి కొడితే టీ వచ్చిందని. ఆపకుండా కొడితే కంప్యూటర్లో ఏమైనా వార్త వచ్చిందేమో చూసి చెప్పమని. నా ముందు ఆధార్ కార్డులు పట్టుకుని ఎంతమంది నిలబడి ఉన్నా ఆయనకు పట్టేది కాదు, నేను బదులిచ్చేదాకా కొడుతూనే ఉండేవాడు. నేను ఆయనను అప్పా అనేవాణ్ణి. ఆయనా నన్ను అప్పా అనేవాడు. ఎవరికి ఎవరు అప్పో తేలకుండానే ఏళ్ళు గడిచిపోయాయి.

మనిషి పొట్టి. గొంతు మాత్రం చిత్రావతి అవతలి గట్టుకు వినపడేది. మసి పట్టిన లుంగీ, చెవి వెనకాల ఒక సుద్దముక్క. ఆ సుద్దముక్క ట్యూబు మీద పంచరున్న చోట గుర్తు పెట్టడానికి. దాన్ని ఎవరైనా అడిగితే ఇచ్చేవాడు కాదు, నేను అడిగినా సరే.

పంచరు ఎక్కడుందో కనుక్కోవడానికి ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూడడం అందరూ చేసే పని. ఆయన ముంచేముందు ట్యూబును చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి వినేవాడు. అప్పుడు చుట్టుపక్కల ఎవరూ నోరెత్తకూడదు. హైవే మీద లారీలు పోతూ ఉంటే ఆయనకు ఏం వినపడేదో ఆయనకే తెలియాలి. చాలాసార్లు చివరికి తొట్టిలో ముంచే కనుక్కునేవాడు. ఆ సంగతి ఎత్తితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

ఒకసారి శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్ళ మూటలు తీసుకుపోతున్న ఆటో ఒకటి ఆగింది. ఆటో అతను నిలకడగా నిలబడలేకపోతున్నాడు.

"అప్పా, మార్కెట్టుకు టైమయితాండాది."

"టైము నీకయితాండాది. గాలికి కాదు. నోరు మూసుకోని నిలబడు."

"గూళ్ళు చిల్లులు పడి పురుగులు రెక్కలొచ్చి బయటికొస్తాయప్పా."

"వస్తే రానీ. పురుగులైనా నోరు మూసుకోని ఉంటాయి."

ఇంత శ్రద్ధగా గాలి మాట వినే మనిషి ఎదుటివాడి మాట మాత్రం వినేవాడు కాదు. మనం సగం చెప్పేసరికి మిగతా సగం ఆయనే చెప్పేసేవాడు, అదీ తప్పుగా. నాకు తలనొప్పిగా ఉందని మొదలుపెడితే తల దగ్గర ఆపి, తలుపు బిగుసుకుపోయిందా, నూనె పొయ్యి అనేవాడు. ఆ తర్వాత నేను ఎంత మొత్తుకున్నా మా తలుపుకు నూనె పోయాల్సిందే.

ఇక ఆ బోర్డు సంగతి. చింతామణి నుంచి వచ్చిన పెయింటరు ఒకతను రేకు మీద పైన కన్నడంలో 'పంక్చర్' అని చక్కగా రాశాడు. కింద ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి పైనున్న కన్నడాన్నే చూసి అక్షరానికి అక్షరం దించేశాడు. పి, యు, ఎన్ తర్వాత సి రావాలి. కన్నడంలో 'క' ఉంది కదా అని అక్కడ కె పెట్టాడు. ఆపైన చర్ అని విడిగా కొనసాగించాడు. ఇంగ్లీషు తప్పు కంటపడితే నాకు అన్నం సయించదు. అది సరిచేయించమని ఎన్నిసార్లు చెప్పానో.

"బండ్లు నిలబడ్తాండాయి కదా?" అనేవాడు. "అక్షరం తప్పయితే గాలి పోకుండా ఉంటాదా?"

తర్వాత కొన్నాళ్ళకు బోర్డుకు కుడివైపున ఒక మేకు కొట్టి పాత ట్యూబులు వేలాడేశాడు. దాంతో 'చర్' కాస్తా కనపడకుండా పోయింది. పి, యు, ఎన్, కె మిగిలాయి. కింద షాప్ అని ఉండనే ఉంది. పంక్ అనేది ఒక రకం పాశ్చాత్య సంగీతం పేరని, వేగంగా, కోపంగా, చెవులు చిల్లులు పడేలా వాయిస్తారని నాకు అప్పటికి చూచాయగా తెలుసు. ఆయనకు అదీ తెలియదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక తెల్లమ్మాయి అద్దె మోటారు సైకిలును తోసుకుంటూ వచ్చింది. తల ఒకవైపు గొరిగించుకుంది, రెండోవైపు నీలం రంగు వేయించుకుంది. లేపాక్షికి పోతూ ఉంటే టైరు దిగిపోయిందట. అంగడి ముందుకు వచ్చి తలెత్తి బోర్డు చూసింది. చూసి, బండి స్టాండు వేసి, మట్టిలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

రేకు మీద దెబ్బలు పడ్డాయి. వెళ్ళాను.

"ఏంటికప్పా నగుతాండాది ఈ పాప? నా మొకం మింద ఏమన్నా అంటుకోనుండాదా?"

ఆమెను అడిగి కనుక్కున్నాను. వాళ్ళది స్కాట్లాండు. నలుగురు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు, ఈమె డ్రమ్ములు వాయిస్తుంది. వాళ్ళు వాయించేది పంక్. వాళ్ళ దేశంలోనే పంక్ అంగళ్ళు మూతపడిపోతుంటే, ఇక్కడ హైవే పక్కన ఒకటి తెరిచి ఉందని ఆమె సంబరం. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"చూసినావా? నువ్వు తప్పంటావు. ఆ భాష పుట్టిన పక్కోళ్ళే సరిగ్గా ఉండాదంటాండారు."

ఆయన ట్యూబు విప్పి చెవికి ఆనించుకున్నాడు. ఆ అమ్మాయికి ఈ నియమం తెలియదు కదా. రెండు స్పానర్లు తీసుకుని వరసగా ఉన్న పాత రిమ్ముల మీద, నీళ్ళ తొట్టి అంచు మీద, గాలి ట్యాంకు మీద వాయించడం మొదలుపెట్టింది. టీ అంగడి దగ్గర ఉన్నవాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. బాగానే వాయించింది. కానీ ఈయన అక్కడ గాలి మాట వినాలి.

"ఏయ్, ముట్టొద్దు! రిమ్ము వంకర పోతాది!"

ఆమె నవ్వుతూ ఇంకాస్త జోరు పెంచింది. ఈయనా గొంతు పెంచాడు. ఆమె ఫోను తొట్టి పక్కనే నిలబెట్టి ఉంది, ఇదంతా అందులో రికార్డవుతోంది. మధ్యలో నా అంగడికి ఎవరో వస్తే నేను వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ టీ తాగుతూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఈయన గొంతు ఎప్పుడూ లేనంత తగ్గి ఉంది. నన్ను చూడగానే మళ్ళీ పెద్దదైంది.

"చెయ్యి మంచిదే. నిలకడే లేదు అని చెప్పప్పా ఆ పాపకి."

చెప్పాను. ఆమె ఒప్పుకుంది. వాళ్ళ ఊళ్ళో కూడా అందరూ అదే అంటారట. పోతూ పోతూ నా ఈమెయిల్ అడ్రసు రాసుకుపోయింది.

కొన్ని నెలల తర్వాత మెయిలు వచ్చింది. కొత్త రికార్డు వేశారు. దాని అట్ట మీద మా హైవే మలుపు, ఆ బోర్డు, వేలాడే ట్యూబులు, ఒక మూలన ఈయన మోచెయ్యి. మొదటి పాట మొదలయ్యేదే ఈయన కేకతో. ఏయ్ ముట్టొద్దు అని ఈయన అరిచీ అరవగానే గిటార్లు, డ్రమ్ములు ఒకేసారి మీద పడతాయి. బ్యాండు పేరు ఇక్కడ రాయను, మర్యాదస్తులు పలికే మాట కాదు. ఆయన మాత్రం వాళ్ళను "మన పిల్లోళ్ళు" అనేవాడు.

నా కంప్యూటర్లో పాట పెట్టాను. తన కేక వినగానే చెయ్యెత్తి ఆపించాడు.

"చాలు. ఇంగోసారి పెట్టు."

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే ఆపించాడు. ఆ తర్వాతిదంతా గోల అన్నాడు. ఏళ్ళ తరబడి ఎన్నిసార్లు పెట్టించుకున్నా ఆయన విన్నది ఆ ముక్క వరకే. ఆ గోల నాకూ గిట్టదు కాబట్టి నేనూ అంతవరకే విన్నాను.

పోస్టులో ఒక నల్ల టీషర్టు వచ్చింది, రొమ్ము మీద ఆయన బోర్డే అచ్చు వేసి. దాన్ని తెల్ల పంచె మీదికి వేసుకుని చిక్కబళ్ళాపురంలో ఒక పెళ్ళికి పోయాడు. పెళ్ళికొడుకు పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఈయన పెళ్ళికూతురు తరఫనుకున్నారు, వాళ్ళు వీళ్ళ తరఫనుకున్నారు. నిజానికి వంటవాళ్ళ జీపుకు పంచరు వేయడానికి పోయిన మనిషి.

అప్పటి నుంచి నెలకో మెయిలు. అందులో రెండు భాగాలు. ఒకటి బ్యాండు వార్తలు, రెండోది పేపర్లలో వచ్చిన రివ్యూలు. చదివి చెప్పే పని నాది. వాళ్ళు ఏ కంపెనీ కిందా లేరని, రికార్డులు వాళ్ళే వేయించుకుని, ఒక పాత వ్యానులో ఊరూరూ తిరిగి వాళ్ళే అమ్ముకుంటారని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు తల ఊపాడు.

"అంటే ఓనరు లేడు. నా మాదిరే."

ఒక నెల వార్తల్లో ఆ వ్యాను వానలో దారి మధ్య ఆగిపోయిందని, కచేరీకి అందుకోలేకపోయారని ఉంది. ఫోటో కూడా పెట్టారు. ఆయన తెర మీద ముక్కు ఆనించి ఫోటోను పరీక్షించి, క్లచ్ ప్లేటు పోయింది, వెంటనే మార్చమని రాయి అన్నాడు. రాశాను. డీజిలు అయిపోయిందని జవాబు వచ్చింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఆ డీజిలేదో నేను తాగేసినట్టు.

మొదటి రివ్యూ వాళ్ళ ఊరి పేపరులో వచ్చింది. రాసిన ఆయనకు చాలా కోపంగా ఉంది. పాటలన్నీ ఒక్కటేనట. గిటారు శ్రుతిలో లేదట. రికార్డు మొత్తంలో రాగం అనదగ్గది మొదట్లో ఏదో తెలియని భాషలో అరిచే మనిషి గొంతు ఒక్కటేనట. పాటలన్నీ అయిపోయాక చిట్టచివర అదే మనిషి మెల్లగా ఏదో గొణుగుతాడని, ఆ గోలంతా భరించినందుకు చెవులకు దొరికిన ఓదార్పు అదేనని కూడా రాశాడు. అయిదు చుక్కలకు రెండు వేశాడు. అక్కడ సినిమాలకైనా పాటలకైనా అలా చుక్కలు వేస్తారు.

"చివర్న ఏం గొణిగినావప్పా?" అని అడిగాను.

"ఇంగోటి టీ చెప్పింటా. మొత్తానికి ఏమంటాండాడు?"

"మొత్తానికి పాడు బ్యాండు అంటాండాడు."

"పాడు అంటే? పాడే బ్యాండనా, పాడైపోయిన బ్యాండనా?"

నేను నోరు తెరిచేలోపల ఆయనే అందుకున్నాడు.

"కన్నడంలో హాడు వేరే, హాళు వేరే. హాడు అంటే పాడేది. హాళు అంటే చెడిపోయేది. మన తెలుగులో రెండూ పాడే. చూడు, మనోళ్ళకు ముందే తెలుసు. పాడినోడు పాడైనోడే."

ఆ తర్వాతి నెల మరో పత్రికలో అయిదుకు అయిదు చుక్కలతో రివ్యూ వచ్చింది. పొగడ్తే పొగడ్త. చదువుతుంటే నాకే సంతోషమేసింది. ఆయన మొహం మాత్రం మాడిపోయింది.

"నా కేక సంగతి రాసినాడా?"

"లేదప్పా."

"అట్లయితే ఈయప్ప వినలేదు. పొగిడేదానికి వినల్సిన పనిలేదప్పా, ఊరికే కూసోని పొగుడొచ్చు. తిట్టల్లంటే కడదాకా వినల్ల."

స్వార్థం నుంచి పుట్టిన సిద్ధాంతమే అయినా ఆయన దాన్ని వదల్లేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో ప్రతిదానికీ రివ్యూ మొదలైంది. చెవి వెనక సుద్దముక్క తీసి ఎదుట ఏది ఉంటే దాని మీద చుక్కలు పెట్టేవాడు. ఇడ్లీ హోటలు బల్ల మీద రెండు. ఎన్నికల ప్రసంగానికి ఒకటి, అదీ మైకుసెట్టుకు. కైవారలో భజన విని వచ్చి మూడు. మా ఆవిడ రాగి ముద్దలోకి ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు పంపితే గిన్నె మూత మీద రెండు చుక్కలు పెట్టి తిప్పి పంపాడు. మళ్ళీ మా ఇంటి బస్సారు ఆయన రుచి చూడలేదు. బట్లహళ్ళిలో కాపురముండే కూతురు వచ్చి వండిపెట్టినా రెండున్నరే. ఆ పిల్ల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడు దాటి ఎవరికీ ఎందుకివ్వవని ఒకసారి అడిగాను.

"అయిదిస్తే ఇంగ చెప్పేదానికేమీ లేదు, అంగడి మూసుకోని పొమ్మని. నాలుగిస్తే వానికి పొగరొస్తాది. మూడంటే మళ్ళా ఒగసారి వినొచ్చని."

మూడే అన్నిటికంటే పెద్ద మార్కని అప్పుడు అర్థమైంది. నాకు ఎంత ఇస్తావని అడిగాను. తమరిదింకా కాలేదు, నడుస్తాండాది అన్నాడు.

మా ఊళ్ళో ఎవరు పోయినా బంధువుల తర్వాత ముందుగా తెలిసేది నాకే, ఎందుకంటే ఫ్లెక్సు నా దగ్గరే వేయిస్తారు. భావపూర్ణ శ్రద్ధాంజలి అని పైన, అజాతశత్రువు, జనానురాగి, కొడుగైదాని, అంటే మహాదాత, అని కింద, అంతా కన్నడంలో. ఒకటి తయారుచేసి పెట్టుకున్నాను. ఫోటో, పేరు మారుస్తాను. మా మలుపులో ఒక పెద్దమనిషి ఫ్లెక్సు కట్టిన రోజు ఆయన దాని కింద నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. తర్వాత రేకు మీద దెబ్బలు.

"ఈయప్ప అజాతశత్రువా? నాతో కలిపి ముగ్గురం ఈయప్పను కొట్టేదానికి కాసుకోనుంటిమి. పోయిన నెల ఇంగొగాయనకూ ఇదే రాసినావు కదా?"

"అడిగేవాళ్ళు అదే అడుగుతారప్పా."

"అదే నేను చెప్పేది. ఎవురూ వినలేదు. వినింటే ఇట్ల రాయరు." ఆయన గొంతు తగ్గింది. "నాకి ఇది వెయ్యొద్దు. నువ్వు రేకు పక్కన కూసోని ఇన్నేండ్లు నన్ను విన్నావు. నాకి నువ్వే రివ్యూ రాయల్ల. తిట్టి రాయి."

"నీకేమయిందప్పా ఇప్పుడు?"

"ఏమీ కాలేదు. అయినప్పుడు చెప్పేదానికి నేనుండను కదా."

"మీ పాప ఒప్పుకోవాల కదా."

"ఆ పాప నా మాట యాడ వినింది."

ఇలాంటి మాటలకు నవ్వి తప్పించుకోవచ్చు. ఆయన తప్పించుకోనివ్వలేదు. గాలి ట్యాంకు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. చేతికంటిన మసి నా కీబోర్డుకంతా అంటింది. స్పేసు బారు మీద ఇప్పటికీ ఉంది.

చివరి ఏడాది ఆయనకు ఆయాసం పట్టుకుంది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చూడబోతే ముక్కుకు గొట్టం పెట్టి ఉంచారు. నన్ను చూసి గొట్టం పక్కకు లాగాడు. గాలి బాగానే కొడ్తాండారప్పా, ట్యూబే పాతదయిపోయినాది అన్నాడు. ఆసుపత్రికి ఎన్ని చుక్కలని అడిగితే నర్సమ్మ వైపు భయంగా చూసి, తర్వాత చెప్తానన్నాడు. ఆయన భయపడడం చూసింది ఆ ఒక్కసారే. తర్వాత చెప్పలేదు.

కూతురు నా అంగడికి వచ్చింది. ఫోటో తెచ్చింది. ఇంట్లో ఉన్నవాటిలో మొహం స్పష్టంగా ఉన్నది పెళ్ళిలో ఆ నల్ల టీషర్టుతో దిగినదేనట.

"అందురికీ వేస్తావే, అట్లే మంచిగా వెయ్యన్నా."

ఎప్పటి ఫ్లెక్సే తెరిచాను. పాత పేరు తీసేశాను. కొత్త పేరు కొట్టలేకపోయాను. అజాతశత్రువు అన్న మాట పక్కన ఆ మొహాన్ని ఊహించుకుంటే, ఫోటోలోంచే నన్ను తిడుతున్నట్టు అనిపించింది. ఆయన వేయించుకున్న ఒట్టు సంగతి ఆమెకు చెప్పాను.

"సచ్చిపోయినోన్ని తిడ్తారా అన్నా ఎవురన్నా?"

"రాసి చూపిస్తానమ్మా. నువ్వు వద్దంటే తీసేద్దాం."

కన్నడంలో రాద్దామని కూర్చుంటే ఒక్క తిట్టూ రాలేదు. ఆయన నన్ను తిట్టింది, నేను ఆయనను తిట్టుకుంది అంతా తెలుగులో. కాబట్టి మా పక్క అందరం చీటీలు రాసుకునే పద్ధతిలోనే, మాట తెలుగు, అక్షరం కన్నడం చేసి కొట్టాను.

"పాడు మనిషి. గొంతు పెద్దది. గాలి మాట వింటాడు, మనిషి మాట వినడు. బోర్డులో తప్పుండాదంటే ఒప్పుకోలేదు. డీజిలు లేని బండికి క్లచ్ మార్చమన్నాడు. పక్కింటి బస్సారుకు రెండు చుక్కలిచ్చినాడు. కొట్టి కొట్టి రేకంతా సొట్టలు చేసినాడు. ఆ రేకు ఇప్పుడు చప్పుడు చెయ్యదు. చెవులు నొప్పి పుడ్తాండాయి."

ఆమె తెర ముందు నిలబడి చదివింది. చదివినంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"ఒగటి మర్సిపోయినావన్నా."

"చెప్పమ్మా."

"నా సంబంధానికి వచ్చినప్పుడు, ఇప్పుడే వద్దు నాయనా, ఇంగ రెండేండ్లు చదువుకుంటా అని చెప్పల్లని నోరు తెరిస్తి. ఇప్పుడే అనంగానే తుంచేసి, చూడండి, ఇప్పుడే చేసెయ్యమంటాండాది మా పాప అని వాళ్ళకి చెప్పేసినాడు. మా ఇంటాయన మంచోడే, అది వేరే సంగతి. నా మాట మా నాయన ఎన్నడూ కడదాకా వినలేదు. అది రాయన్నా."

రాశాను. ఆ వాక్యం ముందు నేను రాసినవన్నీ పిల్లల తగాదాల్లా కనపడ్డాయి. కింద మూడు చుక్కలు పెట్టి అచ్చుకు పంపాను.

ఫ్లెక్సు మలుపులో కట్టాక బస్సులు కూడా నెమ్మదించి పోయాయి. కొందరు నన్ను తిట్టారు, చాలామంది చదివి, అవును, నన్ను కూడా ఇట్లే అనేటోడు అని చెప్పుకుంటూ అక్కడే టీ తాగారు. ఫోటో తీసి, ప్రతి వాక్యానికీ ఇంగ్లీషు రాసి బ్యాండువాళ్ళకు పంపాను. ఆ నెల వాళ్ళ వార్తల్లో మొదటి వార్త అదే. రివ్యూల భాగంలో కూడా అన్నిటికంటే పైన దాన్నే పెట్టారు. వాళ్ళ గాయకుడికి దక్కిన రివ్యూ కదా.

పదిహేను రోజులకు కూతురు మళ్ళీ వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని ఉంది.

"అన్నా, తిట్టింది ఎవురూ ఏమీ అనలేదు. ఆ మూడు చుక్కలే. మీ నాయనకు అయిదుకు మూడేనా, పాసయినాడా లేదా అని మా అత్త దినామూ అడుగుతాండాది."

మూడంటే ఏమిటో ఆయన ఆమెకు చెప్పలేదని అప్పుడు తెలిసింది. చెప్పబోయి ఆగాను. కంప్యూటర్లో ఆ రికార్డు పెట్టాను. తెర మీద అట్ట బొమ్మ వచ్చింది. అందులో వాళ్ళ నాయన మోచెయ్యి కనపడగానే తాకి చూద్దామని ఆమె వేలు చాచింది.

"ఏయ్, ముట్టొద్దు!"

చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. చిన్నప్పటి నుంచీ అలవాటైన భయం. తర్వాత తన చెయ్యి తానే చూసుకుని పక్కున నవ్వింది. గిటార్లు మీద పడ్డాయి. అలవాటు కొద్దీ ఆపబోయాను.

"ఉండనీ అన్నా. కడదాకా విందాం."

కూర్చున్నాం. ఒక పాట, దాని మీద ఇంకో పాట. జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు చెవులు మూసుకుని బయటే నిలబడ్డారు. ఆమె మాత్రం కదల్లేదు. అన్నీ అయిపోయి నిశ్శబ్దం వచ్చింది. అయిపోయిందనుకుని లేవబోతుంటే టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది. వెనకాల లారీ ఒకటి పోయింది. ఆ వెంటనే ఆయన గొంతు, నేను ఆ రోజు దూరం నుంచి విన్న ఆ తగ్గు గొంతు, తెలుగు రాని అమ్మాయితో చెబుతోంది.

"మా పాప కూడా చిన్నప్పుడు ఇట్లే కొడ్తాండె, ఈ రిమ్ముల మిందనే. నీ మాదిరి కాదు, తాళం తప్పేది కాదు. నేనే అరిసి మాన్పిస్తి."

అంతే. రికార్డు అక్కడితో ఆగిపోయింది.

ఆమె తెర వైపే చూస్తూ ఉంది. బల్ల మీద ఆమె రెండు చూపుడు వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా తట్టాయి, ఆగాయి.

"నాకి గ్యాపకమే లేదన్నా," అంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. "మళ్ళా ఒగసారి పెట్టన్నా."